ఆ తెల్ల చుక్కని చెరిపేసింది నేనే

ఎడిటర్ గారికి నమస్తే.

మీ పేపర్ జిల్లా ఎడిషన్లో పుట్టినరోజు పిల్లల ఫొటోలు వేస్తారు కదండీ, చిన్న చిన్న గళ్ళల్లో, కింద అమ్మానాన్న, తాత, అమ్మమ్మల దీవెనలతో, ఆ పేజీ గురించే ఈ ఉత్తరం. పొడుగైంది, తెలుసు. కత్తిరించాల్సొస్తే నా సోది కత్తిరించండి, ఫొటోలో పిల్ల కంట్లో కనపడే తెల్ల చుక్క సంగతి మాత్రం ఉంచండి.

నాది గూడూరు. చెన్నై వచ్చి పాతికేళ్ళు దాటింది, పెరంబూరులో ఫొటో స్టూడియో. ఈ ఏరియాలో మనోళ్ళు దండిగా ఉన్నారు, రైల్వేలో చేసి రిటైరయిన వాళ్ళు, నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట నుంచి కంపెనీ పనులకొచ్చిన వాళ్ళు, నా బోర్డు మీద తమిళం కింద తెలుగులో కూడా రాయించా కాబట్టి వెతుక్కుంటా వస్తారు. నామకరణం, చెవులు కుట్టడం, ఫస్ట్ బర్త్‌డే, ఓణీల ఫంక్షన్, ఎన్ని చేశానో లెక్కలేదు. పిల్లల ఫొటోలంటే నాకు కొంచెం పొగరు కూడా ఉండేది, ఏడ్చే పిల్లనైనా రెండు నిమిషాల్లో నవ్విస్తానని.

2022 మార్చిలో ఒక పాప ఫస్ట్ బర్త్‌డేకి పిలిచారు. వాళ్ళది సూళ్ళూరుపేట పక్క పల్లె, నాన్న అంబత్తూరు ఎస్టేట్లో మెషిన్ ఆపరేటరు, అమ్మ ఇంట్లోనే. చిన్న మినీ హాలు, లైటింగ్ సరిగ్గా లేదు, మా కుర్రాడు వెనకాల కుర్చీల దగ్గర నిలబడి జూమ్ లెన్స్ పెట్టి ఫ్లాష్ నేరుగా కొట్టుకుంటా పోయాడు. నాలుగొందల దాకా వచ్చాయి. ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్‌కి సెలెక్ట్ చేస్తుంటే నాలుగు ఫొటోల్లో పాప ఎడమ కన్ను తేడాగా ఉంది. కుడి కన్ను మామూలుగా ఫ్లాష్‌కి ఎర్రగా మెరిసింది, ఎడమ కంట్లో నల్లగుడ్డు మధ్యన పాలచుక్క పడ్డట్టు తెల్లగా ఉంది. వాటిల్లో ఒకటి కేక్ ముందు నవ్వే ఫొటో, కవర్ పేజీకి అదే కావాలి నాకు. ఫ్లాష్ రిఫ్లెక్షన్ అనుకున్నా. మావాణ్ణి ఒక తిట్టు తిట్టి, కన్నుని పెద్దగా జూమ్ చేసి బ్రష్ తీసుకుని నల్లగా నింపేశా. నింపాక కన్ను చచ్చినట్టు కనిపిస్తే పైన ఒక మూల చిన్న తెల్ల చుక్క పెట్టా, క్యాచ్‌లైట్ అంటాం మేం, అది ఉంటేనే కంట్లో జీవం ఉంటది. దేవుడు పెట్టిన హెచ్చరిక చుక్క తీసేసి నా చుక్క పెట్టానన్నమాట. ఒక్కో ఫొటోకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కరిజ్మా ఆల్బమ్ చూసి వాళ్ళు చాలా సంతోషపడ్డారు, మిగతా డబ్బులు ఇచ్చి, మా వాళ్ళందరికీ మీ స్టూడియోనే చెప్తామన్నారు.

అక్టోబర్లో ఒక మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. పాప భుజం మీద నిద్రపోతోంది. పాస్‌పోర్ట్ సైజుకేమో అనుకున్నా. ఆ అమ్మాయి నిలబడే అడిగింది, "అన్నా, బర్త్‌డే ఒరిజినల్స్ ఉన్నాయా మీకాడ? కన్ను ఎప్పట్నుంచి ఇట్టుందో పాత ఫొటోల్లో చూసి చెప్పమంది డాక్టరమ్మ. ఆల్బమ్ అంతా తిరగేశాం, దాంట్లో బానే ఉంది."

దాంట్లో బానే ఉంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

హార్డ్ డిస్క్ తెచ్చి పెట్టి ఆ ఫోల్డర్ తెరిచా. నాలుగూ ఉన్నాయి. స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించా, నేనే చెరిపానని కూడా చెప్పా, చెప్పకపోతే ఎట్టా. వాళ్ళాయన చాలాసేపు చూసి, "అంటే అప్పటికే ఉందన్నమాట" అన్నాడు. అంతే. తిట్టుంటే బాగుండేది.

ఆ ఏడు నెలల్లో ఏమైందో తర్వాత తెలిసింది. బర్త్‌డే అయిన రెండు నెలలకి సాయంత్రం లైటు వెయ్యకముందు పాప కన్ను పిల్లి కన్నులా మెరవడం అమ్మ చూసిందంట. అత్తగారు మా చిన్నాయనకీ పిల్లికళ్ళే అందంట. తర్వాత ఆ కన్ను పక్కకి పోవడం మొదలైంది, దానికి "మెల్లకన్ను అదృష్టం లే" అన్నారు, మన ఇళ్ళల్లో ఈ మాట వినని వాళ్ళు ఎవరున్నారు చెప్పండి. ఇంటి దగ్గర క్లినిక్‌లో చుక్కల మందు రాసిచ్చి పెద్దయితే సర్దుకుంటుందని పంపించారు. చివరికి కన్ను ఎర్రబడి వాచాక కళ్ళాసుపత్రికి పరిగెత్తారు, అప్పటికి పాపకి పంతొమ్మిది నెలలు. అక్కడ కంట్లో చుక్కలేసి నల్లగుడ్డు పెద్దదయ్యేలా చేసి చూసి, స్కాన్ తీసి, అదే రోజు చెప్పేశారు. రెటినోబ్లాస్టోమా. కంటి లోపల వెనక ఉండే రెటీనా అనే పొర మీద పుట్టే క్యాన్సరు. ఆసుపత్రిలో అందరూ ఆర్బీ అంటారు.

వాళ్ళకి తమిళం అంతంతమాత్రం, అందుకని ఆపరేషన్ ముందు రోజు నేనూ తోడెళ్ళా. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నా. ఇది చిన్నపిల్లల జబ్బు, నూటికి తొంభై అయిదు మందిలో అయిదేళ్ళ లోపే బయటపడుతుంది. పదిహేను ఇరవై వేల కాన్పులకి ఒకరికి వస్తుంది. వినడానికి అరుదు అనిపిస్తుంది గానీ మన దేశంలో పుట్టే పిల్లల సంఖ్యకి ఏటా దాదాపు 1500 మంది అవుతారు. మిగతా క్యాన్సర్లలా సూది గుచ్చి ముక్క తీసి టెస్ట్ చేయరు, గుచ్చితే కంటి బయటికి పాకే ప్రమాదం, అందుకే చూసి, స్కాన్ చేసి నిర్ధారిస్తారు. కన్ను ఎంత దెబ్బతిందన్న దాన్ని బట్టి ఇంగ్లీషు అక్షరాలతో ఏ (A) నుంచి ఈ (E) దాకా గ్రూపులు, చివరిది బాగా ముదిరింది. మా పాపది ఆ చివరి ఈ (E). (మా పాప అనేశా, అలవాటైపోయింది.)

ఏ, బీ గ్రూపుల్లో దొరికితే కన్నుని చాలావరకు కాపాడుకోవచ్చంట. లేజర్‌తో కాల్చడం, చల్లదనంతో గడ్డకట్టించి చంపడం, కీమో ఇచ్చి గడ్డని కుదించి తర్వాత లేజర్ కొట్టడం, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి కంటికి వెళ్ళే నాళంలోనే మందు వదలడం కూడా ఉందంట. ఇంకొకటి విని ఆశ్చర్యపోయా, కంటి గుడ్డు మీద చిన్న బిళ్ళ కుట్టి కొన్ని గంటలో రోజులో ఉంచి రేడియేషన్ ఇచ్చి తీసేస్తారు, రుథీనియం అనే రేడియేషన్ లోహంతో చేసే ఆ బిళ్ళలు మన బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళే తయారుచేస్తున్నారు, అణు ఇంధనం వాడేశాక మిగిలే వ్యర్థంలోంచి ఆ రుథీనియం తీస్తారంట. ఇవన్నీ చెప్పి, మన పాపకి మాత్రం కన్ను తీసేయాలి, ఆ కంటికి చూపు ఎట్లాగూ లేదు, ఉంచితే నరం దారిన మెదడుకి పోతుంది అంది. మార్చిలోనే వచ్చుంటే కన్ను దక్కేదా అని వాళ్ళాయన అడిగాడు. కచ్చితంగా చెప్పలేనండీ, ఛాన్స్ మాత్రం ఇంతకన్నా ఉండేది అంది. నేను నేల చూస్తా కూర్చున్నా.

కన్ను తీసేయడం అంటే మనోళ్ళకి ప్రాణం పోయినంత పని. ఆ రోజు ఊర్నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఆడపిల్ల, రేపు పెళ్ళెట్టా, ఇంకో చోట చూపించండి, నాటు వైద్యం ఉంది, మా ఊరు తీసుకురండి అని. గ్రహణం రోజు బయట తిరిగావా అని ఆ పిల్లని అడిగిన మహానుభావులు కూడా ఉన్నారు. ఇట్టాంటి మాటలు విని మూడు నెలలు ఆరు నెలలు ఆలస్యం చేసి, కన్ను బయటికి పొడుచుకొచ్చాక మళ్ళీ ఆసుపత్రికి వచ్చిన పిల్లల్ని వార్డులో చూశా నేను, దాని గురించి ఇక్కడ రాయలేను. వాళ్ళాయన ఒక్క మాట అన్నాడు ఫోన్లో, "కన్ను పోతే పోయింది, బిడ్డ ఉంటే చాలు మామా" అని, పెట్టేశాడు.

ఆపరేషన్లో కంటితో పాటు వెనక నరం కూడా వీలైనంత పొడుగ్గా తీసి ల్యాబ్‌కి పంపుతారు. కోసిన చివర క్యాన్సర్ లేదని రిపోర్ట్ వచ్చింది, కానీ కంటి లోపలి పొరలోకి కొంచెం పాకింది కాబట్టి కీమో కావాలన్నారు. మూడు మందులు కలిపి, మూడు నాలుగు వారాలకొకసారి, మొత్తం ఆరు సార్లు. జుట్టు ఊడింది, రక్తకణాల కౌంట్స్ పడిపోయినప్పుడల్లా జ్వరం. డబ్బు సంగతి చెప్పాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది. ఉండేది చెన్నైలో, రేషన్ కార్డేమో ఆంధ్రాది, ఇక్కడి గవర్నమెంటు వైద్యం స్కీముకి తమిళనాడు కార్డు కావాలంటారు, ఆంధ్రా కార్డు పట్టుకుని పోతే ఒక్కో కౌంటర్లో ఒక్కో మాట, ఆ తిరుగుడికే ఒక నెల జీతం పోయింది. సరిహద్దు దాటి బతకడానికొచ్చిన వాళ్ళ పిల్లలకి జబ్బొస్తే ఏ రాష్ట్రం పిల్లలవుతారో ఎవరైనా పెద్దలు తేల్చాలి.

ఆ తర్వాత నేను ఇంటర్నెట్‌లో ఈ జబ్బు గురించి చదవడం మొదలుపెట్టా, మా ఆవిడ పిచ్చి పట్టింది నీకు అనేది. నూట యాభై దాకా దేశాల డాక్టర్లు కలిసి 2017లో బయటపడిన నాలుగు వేల మందికి పైగా పిల్లల వివరాలు సేకరించారు. డబ్బున్న దేశాల్లో పిల్లకి పద్నాలుగు నెలల వయసుకే కనిపెడుతున్నారు, బాగా బీద దేశాల్లో ముప్పై నెలలు దాటుతోంది. మూడేళ్ళ తర్వాత చూస్తే డబ్బున్న దేశాల్లో నూటికి 99 మందికి పైగా బతికున్నారు, బీద దేశాల్లో 57 మందే, మన లాంటి దిగువ మధ్యాదాయ దేశాల గుంపులో 80. మన దగ్గర డాక్టర్లు లేరా అంటే ఉన్నారు. ఈ చెన్నైలోనే ఎగ్మూర్ గవర్నమెంటు కళ్ళాసుపత్రి 1819 నుంచి ఉంది, ముత్తులక్ష్మీరెడ్డి గారు పెట్టిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి ఉంది, శంకర నేత్రాలయ ఉంది, అటు హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది. మందులూ ఉన్నాయి. ఆసుపత్రి గుమ్మం ఎక్కేలోపే నెలలు పోతున్నాయి.

ఆ నెలలు ఎక్కడ పోతున్నాయో నాకు తెలిసింది ఒకచోట. అమెరికాలో బేలర్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ బ్రయాన్ షా కొడుక్కి ఇదే జబ్బు వచ్చింది. ఆయన తర్వాత పాత ఫొటోలు తవ్వి చూస్తే పసిగుడ్డుగా ఉన్నప్పటి ఫొటోల్లోనే కన్ను తెల్లగా ఉంది. దాంతో ఫొటోల్లో తెల్ల కన్ను పట్టుకునే మొబైల్ యాప్ తయారుచేయించాడు. కంటి జబ్బున్న 20 మంది పిల్లల ఇంటి ఫొటోలు దానికిచ్చి చూస్తే 16 మందిలో డాక్టరు చెప్పకముందే ఫొటోల్లో కనిపించింది, సగటున ఏడాదీ మూడు నెలలకి పైనే ముందు. 2019లో వచ్చింది ఆ పేపరు. అది చదివిన రాత్రి నాకు నిద్ర లేదు, ఎందుకంటే ఆ ఏడాది మూడు నెలల్లో ఏడు నెలలు నా దగ్గర నా హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి.

ఇప్పుడు నా తోటి ఫొటోగ్రాఫర్లకి. మీకు తెలిసిందే చెప్తున్నా గానీ వినండి. ఫ్లాష్ లెన్స్‌కి దగ్గరగా ఉండి నేరుగా పడితే వెలుతురు నల్లగుడ్డులోంచి లోపలికి పోయి వెనక రక్తం నిండిన పొర మీద పడి ఎర్రగా తిరిగొస్తుంది, అదే రెడ్ ఐ, మనం జన్మంతా తిట్టుకుంటా చెరిపేది. ఆ ఎరుపు ఆరోగ్యం. లోపల గడ్డ ఉంటే అది తెల్లటి పదార్థం, వెలుతురు తెల్లగా తిరిగొస్తుంది. స్టూడియోలో సాఫ్ట్‌బాక్స్ పక్క నుంచి పెడతాం కాబట్టి మనకి సాధారణంగా కనపడదు, ఫంక్షన్ హాల్లో నేరుగా కొట్టిన ఫ్లాష్‌కి, ఇంట్లో మొబైల్‌లో తీసిన ఫొటోలకి కనపడుతుంది. రెడ్ ఐ రిడక్షన్ పెడితే ముందు ఒక వెలుగు కొట్టి నల్లగుడ్డుని చిన్నది చేస్తుంది, అప్పుడు ఎరుపూ పోతుంది, తెలుపూ దాక్కుంటుంది. ఇప్పటి ఫోన్లు మన చెయ్యి పడకుండానే కళ్ళు సరిచేసేస్తున్నాయి, బ్యూటీ మోడ్ సంగతి చెప్పనక్కర్లేదు, నేను చేసిన తప్పు ఇప్పుడు ఫోనే చేస్తోంది.

ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా కనిపిస్తే దయచేసి చెరపకండి, చెరిపినా ఒరిజినల్ అమ్మానాన్నకి చూపించి చెరపండి. భయపెట్టమని కాదు. పిల్ల కొంచెం పక్కకి చూస్తున్నప్పుడు ఫ్లాష్ సరిగ్గా కంటి నరం మొదలు మీద పడినా తెల్లగా వస్తుంది, ఏ జబ్బూ ఉండదు. శుక్లం ఉన్నా వస్తుంది, పిల్లలకీ శుక్లాలు ఉంటాయి, ఇంకా వేరే రెటీనా జబ్బులు ఉన్నాయి. ఏదనేది ఫొటో చూసి మనం తేల్చలేం, చుక్కలేసి చూసే కళ్ళ డాక్టరు తేల్చాలి. మనం అనాల్సింది ఒక్కటే, "అమ్మా, ఈ కన్ను ఒకసారి ఈ వారంలో చూపించండి, ఈ ఫొటో ఫోన్లో పెట్టుకుని పోండి." నేను ఆ తర్వాత ముగ్గురికి ఇట్లా చెప్పా. ఇద్దరికి ఏమీ లేదు. అందులో ఒకాయన వచ్చి అనవసరంగా ఖర్చు పెట్టించావని గొడవ పెట్టుకున్నాడు, పెట్టుకోనీ, టీ తాగించి పంపా. మూడో పిల్లాడికి శుక్లం, టైముకి ఆపరేషన్ అయింది.

ఇంకో మాట డాక్టర్లకి, చిన్నవాణ్ణి చెప్పొచ్చో లేదో. తొమ్మిదో నెల దాటాక ఒకసారి, ఏడాదిన్నరకి ఒకసారి తట్టు టీకాకి దేశంలో పిల్లలందర్నీ తీసుకొస్తారు. ఆ రెండు సార్లూ గది లైటు ఆపి, కంటి లోపల చూసే ఆ చిన్న ఆఫ్తాల్మోస్కోప్ లైటుతో చెయ్యి చాచినంత దూరం నుంచి రెండు కళ్ళల్లో ఎరుపు సమానంగా వస్తోందా చూడటానికి ఎంతసేపు? అదీ మా ఫ్లాష్ పద్ధతే, కంటి చూపు దారిలోనే లైటు వేసి తిరిగొచ్చేది చూడటం. మెల్లకన్ను ఉన్న పసిపిల్లని చుక్కలేసి లోపల చూడకుండా పంపొద్దు. అమ్మ "కన్ను మెరుస్తోంది" అంటే ఆ మాట నమ్మండి, రోజూ ఆ మొహం చూసేది ఆమే.

చాలామంది అడుగుతారు, వంశంలో ఉందా అని. వందలో అరవై మందికి వంశంతో సంబంధం లేదు, ఆ కంట్లోనే జన్యువు చెడి వస్తుంది. పదమూడో క్రోమోజోమ్ మీద ఆర్బీ1 అని ఒక జన్యువు, దాని రెండు కాపీలూ చెడితేనే గడ్డ పుడుతుంది, 1971లోనే నడ్సన్ అనే డాక్టరు ఈ రెండు దెబ్బల లెక్క కట్టాడు. మిగతా నలభై మందికి ఒంట్లో అన్ని కణాల్లోనూ ఒక దెబ్బ ముందే ఉంటుంది, వాళ్ళలో చాలామందికి రెండు కళ్ళకీ వస్తుంది, రేపు వాళ్ళకి పుట్టే బిడ్డకి ఆ జన్యువు వచ్చే అవకాశం సగం. మా పాపకి రక్తం టెస్టులో అది లేదని వచ్చింది. అయినా తమ్ముడు పుట్టగానే వాడి కళ్ళు కూడా చూపించారు.

పాప ఇప్పుడు యూకేజీ. కంటి గుంటలో చిన్న బంతి పెట్టారు ఆపరేషన్ రోజే, వాపు తగ్గాక ఆరు వారాలకి పైన అక్రిలిక్ కన్ను. రెండో కన్ను చూసుకుంటా బ్రష్‌తో ఆ గోధుమ రంగు గీతలు వేసిన మనిషిని చూశా, నాకు దండం పెట్టాలనిపించింది, నాదీ బ్రష్ పనే మరి. పెరిగే కొద్దీ మారుస్తుంటారు. మంచి కంటికి దెబ్బ తగలకుండా గట్టి అద్దాల కళ్ళజోడు, ఇష్టం లేదు దానికి, తీసి బ్యాగులో పెట్టేస్తది. ఇంకా చెకప్‌లు ఉన్నాయి, మొదట్లో మత్తిచ్చి చూసేవాళ్ళు, ఇప్పుడు కుదురుగా కూర్చుంటోంది.

మొన్న బర్త్‌డేకి మళ్ళీ నేనే ఫొటోలు తీశా. డబ్బులు తీసుకోను, వాళ్ళు ఊరుకోరు, ఏటా ఇదొక గొడవ. కేక్ కోసేటప్పుడు కావాలనే నేరుగా ఫ్లాష్ కొట్టా. కుడి కన్ను నిప్పుకణికలా ఎర్రగా వచ్చింది, ఎడమ కన్ను నల్లగా అట్టానే ఉంది, అక్రిలిక్ కదా. ఆల్బమ్ ఎడిటింగ్‌లో ఆ కళ్ళు నేను ముట్టుకోలేదు. వాళ్ళమ్మ చూసి, "ఈసారి ఏం గీకలేదు కదన్నా" అని నవ్వింది. ఈ ఉత్తరంతో ఆ ఫొటో పంపుదామనుకున్నా, పాప పెద్దయ్యాక తనని అడిగి వేయండి అంది ఆమె, అందుకే పంపట్లేదు.

ఎడిటర్ గారూ, మీ డెస్క్‌లో ఆ పుట్టినరోజు ఫొటోలు సరిచేసే వాళ్ళు కూడా ఎవరో ఉంటారు. వాళ్ళకి ఈ సంగతి చెప్పండి. ఆ గళ్ళ కింద, క్లాసిఫైడ్స్ మొదలయ్యే ముందు రెండు లైన్ల జాగా ఉంటుంది రోజూ. "ఫొటోలో పిల్ల కన్ను తెల్లగా కనిపిస్తే ఈ వారమే కళ్ళ డాక్టరుకి చూపించండి" అని ఆ జాగాలో వేస్తారా? ఆ రెండు లైన్లకి యాడ్ రేటు ఎంతో చెప్పినా సరే, నేనే కడతా.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో ఓనరు,
పెరంబూరు, చెన్నై